ఊకొట్టే పెట్టె

చంద్రుడి మీది గనుల కాలనీలో భోజనాల హాలంటే ఆ రోజుల్లో నవ్వుల హాలే. అందరూ తిండికి కూర్చోగానే ఎవరో ఒకరు చిన్నప్పటి రాకుమారి కథ చెప్పేవారు. బల్లమీది పెట్టె అంతా విని, దాన్నే కవితగా తిప్పి చదివేది.

"ఏడు సముద్రాలు దాటి వచ్చాడు రాకుమారుడు.
కోట తలుపు ఓరగా తీసి ఆమె అడిగింది:
గుర్రాన్ని ఎక్కడ కట్టేశావయ్యా?
అక్కడున్నవి నా బీరపాదులు."

హాలంతా గొల్లుమనేది.

ఆ యంత్రం అసలు పేరు వ్యంగ్యజనకం. జనం పెట్టిన పేరు ఎత్తిపొడుపు పెట్టె. చేసింది వకుళ అనే భాషా ఇంజనీరు. తర్వాత గదికొకటి చొప్పున కూడా చేసి ఇచ్చింది. ప్రతి పాత కథలోనూ వినేవాడు గుడ్డిగా నమ్మేసే చోటు ఒకటుంటుంది. దానికి ఆమె 'నమ్మకపు కీలు' అని పేరు పెట్టింది. పెట్టెలోని అల్గారిథమ్ ఆ కీలు వెతికి పట్టుకుని, సరిగ్గా అక్కడే కథను ఎదురు తిప్పుతుంది. అయితే కథ అయిపోయిందని దానికి తెలియాలంటే 'కథ కంచికి, మనం ఇంటికి' అనాల్సిందే. అందాకా మాటమాటకీ 'ఊఁ' అంటూ వింటుంది. ఊ కొట్టనిదే తెలుగువాడి నోట కథ నడవదు గదా! అంత చదువుకున్న ఇంజనీరూ ఆ రెండూ అలవాటుకొద్దీ పెట్టేసింది.

హాల్లో అందరూ నవ్వేవారే గానీ వకుళ పక్కన కూర్చునేవారు లేరు. తమ మాటనీ తిప్పికొడుతుందేమోనని భయం. ఆమెకు నా అన్నవాళ్లు లేరు. ఆ పెట్టెలే ఆమె సంసారం.

ఒకరోజు వర్క్‌షాపు పెద్ద దేవసహాయం ఫోన్ చేశాడు.

"ఏమ్మా వకుళా, గదుల్లోకి ఇచ్చిన పెట్టెలు ఇన్నాళ్లుగా ఒక్క కవితా చెప్పలేదని కవితలు లెక్కపెట్టే మీటరు చూపిస్తోంది. కాలనీ కమిటీ వాటిని కరిగించేస్తామంటోంది."

"అందరూ ఫిర్యాదు చేశారా సార్?"

"ఒక్కరూ చెయ్యలేదు."

వకుళ లోపమేమిటో చూద్దామని ట్రక్కు డ్రైవరు పైడియ్య గదికి పరుగెత్తింది. అతను పెట్టెను ఒళ్లోకి లాక్కున్నాడు.

"పట్టుకుపోకండమ్మా. పాడవనేదు, శుబ్బరంగా ఇంటంది."

"మరి కవిత చెప్పదేం?"

పైడియ్య తల దించుకున్నాడు. "నానే కత ముగించనేదమ్మా. ముగించీసినానంటే ఊ కొట్టడం మానీసి ఎకసెక్కం మొదలెడతాది. రాకుమారుడింకా రెండో సముద్రం కాడే ఉన్నాడు. నడిమిన మా ఇంటిదాని ఊసులు సెప్పుకుంతన్నాను. నా ఊసులు ఇనేవోళ్లు ఇక్కడెవులున్నారు?"

వకుళ పెట్టెను అతని ఒళ్లోనే వదిలేసి తన గదికొచ్చి సొంత పెట్టె ముందు కూర్చుంది. కాసేపు మాట వినబడకపోతే కవిత మొదలయ్యేలా చేస్తే చాలు, మీటరు తిరుగుతుంది, పెట్టెలు బతుకుతాయి. పరీక్షకని ఒక కథ ఎత్తుకుంది.

"అనగనగా ఒక ఊళ్లో ఒక పిల్ల."

"ఊఁ."

"దానికి ఎవరూ లేరు."

"ఊఁ."

పనిముట్లు పక్కన పెట్టేసింది. ఆ పెట్టెలో ఏ మార్పూ చెయ్యబుద్ధి కాలేదు. దేవసహాయానికి తనే ఫోన్ చేసింది.

"పెట్టెలు బాగానే ఉన్నాయి సార్. మీటరు మార్చండి. కవితలు కాదు, ఊఁలు లెక్కపెట్టమనండి."



"లెక్కపెడితే ముందు నా గదే బయటపడుతుందమ్మా" అన్నాడు దేవసహాయం.

"మీరు ఏ సముద్రం దాకా వచ్చారు సార్?"



"సముద్రాలేం లేవమ్మా. అనగనగా... మా అమ్మాయి ఉండేది" అన్నాడు.

పెట్టె కంటే ముందే వకుళ "ఊఁ" అంది.