అరచేతంత అక్షరం

పొద్దున్న ఎనిమిదిన్నరకి స్టీరింగుగారు కాఫీ గ్లాసుతో హాల్లోకి వచ్చేసరికి, భార్య అప్పటికే టీవీకి రెండడుగుల దూరంలో కుర్చీ వేసుకుని కూర్చునుంది. నెల రోజులుగా ఇదే వరస. ముప్ఫై రెండేళ్ళు సిటీ బస్సు నడిపి, ఒక్క ప్రమాదమైనా చెయ్యకుండా దిగిన మనిషి కాబట్టి వీధిలో అందరూ ఆయన్ని స్టీరింగుగారనే పిలుస్తారు. రిటైరైన రోజున డిపోవాళ్ళంతా కలిసి కొనిచ్చిన టీవీ అది. గోడలో సగం ఉంటుంది. అందులో ఇప్పుడు ఆటలూ లేవు, వార్తలూ లేవు. నల్లటి తెర మీద అరచేతంత తెల్లటి అక్షరాలు, వరసకి రెండేసి మాటలు.

ఆవిడ ఒక చిన్న ప్రచురణ సంస్థకి ప్రూఫులు దిద్దుతుంది. పెళ్ళయిన కొత్తలో కాగితాల మీద ఎర్ర పెన్నుతో మొదలుపెట్టిన పని, తరవాత కంప్యూటరు మీదికి మారింది. ఆరేళ్ళుగా పిల్లల నిఘంటువు ఒకటి దిద్దుతూ ఇప్పుడు ‘స’ అక్షరం దాకా వచ్చింది. కంప్యూటరుకి కేబుల్ తగిలించి, అందులోది టీవీలో పడేలా చేసిపెట్టింది కోడలు. మొదటిరోజు పేజీ అంచులు తెగిపోయి కనిపిస్తే, సెట్టింగులన్నీ వెతికి అదీ సరిచేసింది.

“పదింటికి మ్యాచ్ ఉంది,” అన్నాడాయన గాలిలోకి.

“ఫోన్లో చూసుకోండి. నాకింకా పది పేజీలున్నాయి,” అంది ఆవిడ, కిటికీ వైపు తిరిగి.

ఆయనకి మనసు చివుక్కుమంది. మ్యాచ్ గురించి కాదు. ఈమధ్య ఆవిడ తన మొహం చూసి మాట్లాడటం మానేసింది. పిలిస్తే ఇటు తిరుగుతుంది కానీ, చూపు ఆయన భుజం దాటి ఎటో పోతుంది. ముప్ఫై ఐదేళ్ళ కాపురంలో అలిగిన రోజుల్లో కూడా ఇలా లేదు. తన తప్పేమిటో ఎంత తవ్వుకున్నా ఆయనకి దొరకలేదు. అడుగుదామంటే అహం అడ్డొచ్చింది.

మందుల షాపులో పనిచేసే కోడలు, డ్యూటీకి బయల్దేరుతూ గుమ్మం దగ్గర ఆగింది.

“మావయ్యగారూ, ఇవాళ్టికి కొంచెం సర్దుకోండి. అత్తయ్యని కదిలించకండి.”

“సర్దుకుంటూనే ఉన్నానమ్మా. అత్తాకోడళ్ళు ఏకమైన కొంపలో మగాడి మాట ఎవరిక్కావాలి? పోనీ పక్కింటి గోడకి చెప్పుకుంటాను.”

కోడలు ఇంకేదో అనబోయింది. అత్తగారు తల అడ్డంగా ఊపేసరికి నోరు మూసుకుని చెప్పులేసుకుంది. ఆ తల ఊపడం ఆయన కళ్ళబడింది. తనకి తెలియకుండా ఈ ఇంట్లో ఏదో నడుస్తోందన్న అనుమానం మరింత బలపడింది.

పదయింది. ఫోన్లో బంతి ఆవగింజంత కూడా లేదు. పావుగంట ఓపిక పట్టి లేచాడు.

“మ్యాచ్ మొదలైపోయింది.”

“ఒక్క అరగంట ఆగండి.”

“అరగంట అరగంట అంటూ నెలయింది! నీ కంప్యూటరుకి తెర లేదా? దానికేం రోగం?”

ఆవిడ కుర్చీ ఇంకాస్త ముందుకి జరుపుకుంది. అది ఆయన్ని రెచ్చగొట్టింది. టీవీ వెనక్కి చెయ్యిపెట్టి కేబుల్ లాగేశాడు. అక్షరాలన్నీ ఒక్కసారిగా మాయమయ్యాయి.

ఆవిడ అరవలేదు. లేచి, కేబుల్ కోసం టీవీ బల్ల మీద చేత్తో తడిమింది. ఆయన పొద్దున్న తాగి పెట్టిన గాజు గ్లాసు చేతికి తగిలి కిందపడి భళ్ళుమంది.

“చూసుకోనక్కర్లేదా? కళ్ళు నెత్తిమీదున్నాయా?”

ఆవిడ చెయ్యి బల్ల మీదే ఆగిపోయింది.

“అదే మాట,” అంది.

“ఏ మాట?”

“మీ అమ్మగారికి చూపు పోయాక నాలుగేళ్ళపాటు నేను రోజూ విన్న మాట. గడప తన్నుకున్నా అదే, కంచం ఒలికినా అదే. ఇప్పుడు నా వంతు వచ్చింది.”

“నీ వంతేమిటి?”

“నా కళ్ళు పోతున్నాయండీ.”

ఫోన్లో మ్యాచ్ తన పాటికి తను అరుస్తోంది. ఆయన దాన్ని ఆపబోయి, ఏది నొక్కాలో తెలియక బోర్లా పెట్టేశాడు.

“రెండు కళ్ళలోనూ మధ్యన మరకలా వచ్చింది. కుడికన్ను దాదాపు అయిపోయింది. మూడు నెలల కిందట తెలిసింది. కోడలే డాక్టరుకి చూపించింది. మీకు గానీ అబ్బాయికి గానీ చెప్పొద్దని దానిచేత ఒట్టు వేయించుకున్నాను.”

“నాకు కూడానా?”

“మీకే. అత్తయ్యగారు చివర్లో మిమ్మల్ని మంచినీళ్ళు అడగడం కూడా మానేశారు, విసుక్కుంటారని. మీరు డ్యూటీకెళ్ళాక నన్నడిగి తాగేవారు. ఆ సంగతి తెలుసా మీకు?”

ఆయనకి తెలీదు. డిపోలో ఏడాదికోసారి కంటి పరీక్ష ఉండేది. ఆ వారమంతా ఆయనకి ముద్ద దిగేది కాదు, చూపు పోతే అన్నం పోతుందని. ఎదురుగా కూర్చుని అక్షరాలు దిద్దుకునే మనిషికి కూడా చూపే అన్నమన్న ఆలోచన ఆయనకి ఏనాడూ రాలేదు.

“మరి నా మొహం చూడ్డం మానేశావే... కోపమేమో అనుకున్నాను.”

“కోపమా?” ఆవిడ నవ్వబోయింది, నవ్వు రాలేదు. “సూటిగా చూస్తే మీ మొహం ఉండదండీ. మీ చెవులకేం లోటు లేదు, భేషుగ్గా కనిపిస్తాయి. మధ్యలోనే ఎవరూ లేరు. పక్కకి చూస్తేనే మీరు కాస్త కనబడతారు. కనబడాలనే అటు చూస్తున్నాను.”

స్టీరింగుగారు గాజుపెంకుల పక్కనే చతికిలపడ్డాడు. “అమ్మా” అన్న మాట తన నోట్లోంచి ఎప్పుడొచ్చిందో ఆయనకే తెలీదు. క్షమించమని అడుగుదామంటే ఆ తల్లి పోయి పదకొండేళ్ళయింది. చిన్నపిల్లాడిలా వెక్కివెక్కి ఏడ్చాడు.

“లేవండి, గుచ్చుకుంటాయి,” అంది ఆవిడ, అలవాటైన గొంతుతో.

పెంకులన్నీ తనే ఏరాడు. బస్సు ఇంజను విప్పి బిగించిన చేతులకి ఆ కేబుల్ దూర్చే కన్నం దొరకడానికి చాలాసేపు పట్టింది. అక్షరాలు తిరిగి వచ్చాక పక్కన స్టూలు వేసుకున్నాడు.

“నేను చదవనా?”

“చదవండి చూద్దాం.”

“సంకటం. కష్టం, ఆపద.”

“ఏ స?”

“ఏ స ఏమిటి? స అంటే స.”

“మూడున్నాయండీ. శంఖంలో శ, విషంలో ష, సబ్బులో స.”

“నా నోట్లో మూడూ ఒకటేగా.”

“అందుకే అడుగుతున్నాను. అచ్చులో శంచి అని తప్పు పడినా మీరు సంచి అనే చదివేస్తారు. అక్షరం అక్షరం చెప్పాలి.”

“సబ్బులో స. పక్కన సున్నా ఉంది. తరవాత క,” అంటూ మొదలుపెట్టాడు. రెండు పేజీలు దాటేసరికి గొంతు ఎండిపోయింది. ఆవిడ అన్నేళ్ళూ నోరు మెదపకుండా చేసిన పని ఎంతటిదో అప్పుడు తెలిసింది.

ఆ వారమే భార్యని తనే ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. “ఉన్నది కొన్నాళ్ళు నిలబెట్టగలమేమో. పోయింది మాత్రం రాదు,” అన్నాడు డాక్టరు. నెలకో ఇంజెక్షను రాశాడు. సంగతి విని కొడుకు తల్లి ఒళ్ళో తలపెట్టి ఏడ్చాడు. కోడలు మాత్రం, “ఒట్టు తప్పలేక, నిజం చెప్పలేక నలిగిపోయాను మావయ్యగారూ,” అంది. ఆయన కోడలికి చేతులు జోడించబోతే కంగారుపడి పట్టుకుంది.

పని సాగింది. ఆవిడ కళ్ళు తగ్గుతున్నకొద్దీ ఆయన అక్షరాలు పెంచుతూ పోయాడు. వరసకి రెండు మాటలున్నవి ఒకటయ్యాయి. తరవాత తెరకంతా ఒకే మాట పట్టింది. అలా ఐదు నెలలు గడిచాక, ఒక మధ్యాహ్నం ‘హ’ చివరికొచ్చింది.

“హోరు. పెద్ద చప్పుడు,” చదివాడు. “కింద ఇంకేం లేదు. అయిపోయింది.”

ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. సంతోషంగా ఉంటుందనుకున్నాడు. ఆ మొహంలో అలసట తప్ప ఏమీ లేదు.

“ఈ చివరి పేజీ నీకెంత కనిపించింది?” అనడిగాడు.

ఆవిడ తెర వైపు నుంచి మొహం తిప్పుకుంది.

“ఏమీ కనిపించలేదండీ. నెల రోజులుగా తెర వెలుగు ఒక్కటే తెలుస్తోంది.”

“మరి... నేను రోజూ పెద్దవి చేస్తూనే ఉన్నానుగా?”

“అంత శ్రద్ధగా చేస్తుంటే చెప్పబుద్ధి కాలేదు.”

ఆయన కళ్ళలోంచి నీళ్ళు కారిపోయాయి. తుడుచుకోలేదు, ఆవిడకి కనిపించవు కదా అని. గొంతు మాత్రం మామూలుగా పెట్టి అడిగాడు.

“రేపేం చదవమంటావు?”

ఆవిడ చెయ్యి చాపి, తడిమి, ఆయన మోచెయ్యి అందుకుంది.

“ముందు ఆ ఏడుపు ఆపండి,” అంది.