మార్జరీ గదిలో గడియారం

జులై నెలంటే బల్లరాట్ ఊళ్ళో నడి చలికాలం, పొద్దున్న తొమ్మిదైనా కిటికీ అద్దాల మీద మంచు కరగదు. ఆ మంచు అద్దం వంక చూస్తూ, కోటు కూడా విప్పకుండా, షెల్బీ క్రాఫ్ట్ అనే అమ్మాయి మొదట అన్న మాట ఇది.

"ఆ పామును నేను చంపలేదండీ."

"కూర్చోమ్మా," అంది మొయిరా క్విల్టీ. "చంపలేదని తొమ్మిది రోజులుగా అందరికీ చెప్పి అలిసిపోయి ఉంటావు. నాకు చెప్పక్కర్లేదు. ఏం జరిగిందో చెప్పు చాలు."

మొయిరాకి అరవై రెండేళ్ళు. ముప్పై ఏళ్ళ పాటు కాలిపోయిన ఇళ్ళు తిరిగి, నిప్పు ఎక్కడ పుట్టిందో బీమా వాళ్ళకి చెప్పేది. ఇప్పుడు మోకాళ్ళ నొప్పితో, జనం తెచ్చే చిక్కుముళ్ళు విప్పే ఈ చిన్న ఆఫీసు నడుపుతోంది. తేవిటా ఫోనువా ఆమె సహాయకుడు. టోంగా దీవుల నుంచి వచ్చి పద్దెనిమిదేళ్ళు వ్యాను తోలిన నలభై అయిదేళ్ళ మనిషి. ఆమె బుర్ర లాంటి బుర్ర ఇంకోటి లేదని అతని గట్టి నమ్మకం. ఆ మాట పైకి అంటే విసుక్కుంటుందని అనడు.

షెల్బీ జంతువుల ఆసుపత్రిలో నర్సు. ఊరెళ్ళేవాళ్ళ పాముల్ని, బల్లుల్ని చూసిపెడుతుంది కూడా. లెస్ హాబ్డెన్ అనే పెద్దాయన అక్క చనిపోతే పామును షెల్బీకి అప్పగించి అంత్యక్రియలకి అయిదు రోజులు మిల్‌డ్యూరా వెళ్ళాడు. ఆయన కొండచిలువ పేరు మార్జరీ. వయసు ఇరవై మూడేళ్ళు. గుడ్డులోంచి వచ్చినప్పటి నుంచీ, చనిపోయిన ఆయన భార్య పెంచిన పాము.

"సోమవారం పొద్దున్న వెళ్ళాను. ముప్పై రెండు డిగ్రీలుంది, బాగానే ఉంది. బుధవారం ఎనిమిదీ పదికి వెళ్ళేసరికి చచ్చిపడి ఉంది. అప్పుడు కూడా, పెట్టెలో హీటరు వేడిని అదుపు చేసే థర్మోస్టాట్ ముప్పై రెండే చూపిస్తోంది. వెంటనే ఫొటో తీసి లెస్ గారికి పంపాను. పక్కనే విడిగా ఒక థర్మామీటర్ ఉంటుంది, అంతకుముందు ఎంత వరకు వెళ్ళిందో గుర్తుపెట్టుకునేది. దాంట్లో నలభై తొమ్మిది ఉంది."

"వేడికే పోయిందన్నమాట."

"పరీక్ష చేసిన డాక్టరూ అదే రాశారు. థర్మోస్టాట్‌లో వేడి మార్చాలంటే నాలుగంకెల నంబరు కొట్టాలండీ. అది తెలిసింది లెస్ గారికీ నాకూ మాత్రమే. అందుకని నేనే పెంచి, మళ్ళీ తగ్గించేశానని ఆయన అనుకుంటున్నారు. పాముల క్లబ్బు వాళ్ళు నా పేరు రాసి అందరికీ పంపారు. ఆసుపత్రి వాళ్ళు కొన్నాళ్ళు రావద్దన్నారు."

మొయిరా ఫొటో తీసుకుని చాలాసేపు చూసింది. తేవిటా కూడా తొంగి చూశాడు. పెద్ద నీళ్ళ గిన్నెలో చచ్చిన పాము, పెట్టె అడుగున పరిచిన పాత వార్తాపత్రిక, గోడ మీద థర్మోస్టాట్. అందులో ఒక మూల 32, ఇంకో మూల 13:35.

"ఇల్లు చూద్దాం పద," అంది మొయిరా, మోకాలు పట్టుకుని లేస్తూ.

*

లెస్ తలుపు తీశాడు గాని లోపలికి రమ్మనలేదు. వాళ్ళే వెళ్ళారు. వంటగదిలో కూతురు ట్రూడీ సూపు వేడిచేస్తోంది. తండ్రి ఇల్లు అమ్మేసి చిన్న ఇంట్లోకి మారాలని, పాము ఉన్నంతకాలం మారడని, ఆమె ఊరంతా చెప్పుకున్న మాటే.

"నాకు అదంటే ఇష్టం లేదు, నిజమే," అంది ట్రూడీ. "మంగళవారం మధ్యాహ్నం ఉత్తరాలు తీసుకుపోదామని వచ్చాను కూడా. ఆ గది వైపు మాత్రం తొంగి చూడలేదు. ఇష్టం లేనివన్నీ చంపేసుకుంటూ పోతే నా మొగుడెప్పుడో పోయేవాడు."

"మంగళవారం సాయంత్రం ఆరున్నరకి ఎక్కడున్నావు?"

"స్టేడియంలో. పిల్లల బాస్కెట్‌బాల్. నాన్నతో ఫోన్లో మాట్లాడుతున్నాను."

"ఈలలు వినపడుతూనే ఉన్నాయి," అన్నాడు లెస్. "అరగంట మాట్లాడింది."

అదే సమయానికి షెల్బీ ఎక్కడుందో, మొయిరా చెప్పగా, తేవిటా దారిలోనే ఆసుపత్రికి ఫోన్ చేసి కనుక్కున్నాడు. ఆపరేషన్ బల్ల మీద కుక్కను పట్టుకుని ఎనిమిదింటి వరకు నిలబడే ఉందిట. ఆరున్నర ప్రశ్న ఎందుకో అతనికి ఇంకా అంతు పట్టలేదు.

మొయిరా మైక్రోవేవ్ గడియారాన్ని చూస్తోంది. "ఇది గంట ముందుంది."

"ఏప్రిల్‌లో ఎండాకాలం టైము అయిపోగానే గంట వెనక్కి తిప్పాలి కదా, ఎవరూ తిప్పలేదు," అన్నాడు లెస్ విసుగ్గా. "దానికీ నా పాముకీ ఏంటి సంబంధం?"

మొయిరా పాము గదిలోకి వెళ్ళి, థర్మోస్టాట్ నుంచి పెట్టెలోకి వెళ్ళే సెన్సర్ తీగను చివరిదాకా తడిమింది. చివర గుండీ లాంటి ముక్క ఉంది. దాని సందులో ఇరుక్కున్న తెల్లటి నలుసును గోటితో తీసి, కాగితంలో మడిచి పెట్టుకుంది.

ఈలోగా తేవిటా వెనక బట్టలుతికే గదిలో రాడ్ బ్లూయిట్‌తో మాటల్లో పడ్డాడు. రాడ్ లెస్ పాత స్నేహితుడు. ఇరవై ఏళ్ళుగా ఆ ఇంట్లోనే ఒక గదిలో ఉంటున్నాడు.

"పాములంటే నాకు పడదు బాబూ. ఆ గది గడప తొక్కను," అన్నాడు రాడ్. ఆ తర్వాత కిటికీ దగ్గర రెండు ట్రేలు చూపించాడు. "మిరప నారు. ఈ చలికి మొలవదు, కింద కరెంటు వేడి పరుపు పెట్టాలి. మొదటి ట్రే మొత్తం ఉడికిపోయింది. పరుపు అలా వదిలేస్తే వేడెక్కుతూనే ఉంటుంది. ఇదిగో, ఇప్పుడు దీనికి థర్మోస్టాట్ పెట్టాను. పదహారో తారీఖున కొరియర్లో వచ్చింది. ఈ ట్రే చూడు, అన్నీ లేచాయి."

రెండో ట్రే మీద మిరప రకం, నాటిన తేదీ, 'హబనేరో, జులై 14' అని రాసి ఉంది. మట్టిలో అక్కడక్కడా ఉప్పుకల్లుల్లాంటి తెల్లటి నలుసులు.

కారెక్కాక తేవిటా ఇదంతా చెప్పాడు. మొయిరా కళ్ళు మూసుకుని విన్నది. "పద్నాలుగు సోమవారం. పదహారు బుధవారం," అంది చివరికి. సంతోషమేమీ లేదు ఆ గొంతులో. "రేపు అందర్నీ వంటింట్లో కూర్చోబెట్టు తేవిటా. షెల్బీని కూడా."

*

మర్నాడు పదకొండింటికి అయిదుగురూ బల్ల చుట్టూ కూర్చున్నారు. మొయిరా ఒక్కతే నిలబడింది, కూర్చుంటే మళ్ళీ లేవడం కష్టమని.

"ఆ నంబరు ఎవరికి తెలుసు అన్న దగ్గరే అందరూ ఆగిపోయారు," అంది. "వేడి పెంచడానికి నంబరు కావాలి. కానీ ఎవరూ పెంచలేదు. థర్మోస్టాట్‌నే ఊడదీసి పట్టుకెళ్ళి, హీటరు ప్లగ్గును నేరుగా గోడకి పెట్టేశారు. అడ్డుకునేది లేక అది రాత్రీ పగలూ కాలుతూనే ఉంది. సిరామిక్ హీటరు దీపంలా వెలగదు, కాబట్టి చూసినా తెలియదు. తర్వాత థర్మోస్టాట్ తెచ్చి యథాస్థానంలో పెట్టారు. తెల్లారేసరికి ముప్పై రెండుకి దిగింది."

"ఊహ," అన్నాడు లెస్.

"ఊహ కాదు. ఫొటో ఎనిమిదీ పదికి తీసింది. థర్మోస్టాట్ గడియారం పదమూడూ ముప్పై అయిదు చూపిస్తోంది. కరెంటు పోతే దానికి నంబరు గుర్తుంటుంది, వేడి గుర్తుంటుంది, టైము మాత్రం సున్నా నుంచి మొదలవుతుంది. నిన్న రాత్రి అలాంటిదే ఒకటి తెచ్చి చూశాం. అంటే బుధవారం పొద్దున్నకి పదమూడున్నర గంటల ముందు దాన్ని ఎవరో మళ్ళీ ప్లగ్గులో పెట్టారు. మంగళవారం సాయంత్రం ఆరూ ముప్పై అయిదు. ఇంట్లో కరెంటు పోయిందా అంటే, మీ మైక్రోవేవ్ ఏప్రిల్ నుంచీ ఆ తప్పు టైమే చూపిస్తోంది. కరెంటు ఒక్కసారి పోయినా ఆ టైము ఉండేది కాదు."

ట్రూడీ మెల్లగా గరిటె కింద పెట్టింది.

"ఆ సమయానికి షెల్బీ ఆసుపత్రిలో ఉంది. ట్రూడీ స్టేడియంలో ఉంది." మొయిరా కాగితం విప్పి బల్ల మీద పెట్టింది. "ఇది సెన్సర్ చివర దొరికింది. నారు మట్టిలో కలిపే తెల్ల నలుసు. మార్జరీ పెట్టెలో మట్టే లేదు, వార్తాపత్రికలు తప్ప."

ఎవరూ రాడ్ వైపు చూడలేదు. అతనే బల్ల వైపు చూస్తూ మాట్లాడాడు.

"రెండు రోజులే అనుకున్నాను. నాది బుధవారానికి వస్తుంది. మార్జరీ థర్మోస్టాట్ సరిగ్గా ముప్పై రెండు. మిరపకి అదే కావాలి. దాని హీటరు ఆపలేదు కదా, వెచ్చగానే ఉంటుందనుకున్నాను."

"మొదటి ట్రే ఎలా పోయిందో మీరే చెప్పారు," అన్నాడు తేవిటా. అనకుండా ఉండలేకపోయాడు.

"చెప్పాను." రాడ్ తలూపాడు. "విత్తనాలు ఉడుకుతాయని తెలుసు. ఆ రెండూ ఒకటేనని తట్టలేదు బాబూ. తెల్లారితే ఈ అమ్మాయి వస్తుందని, తిరిగి పెట్టేద్దామని మంగళవారం సాయంత్రం గదిలోకి వెళ్ళగానే సెగ కొట్టింది. చూసేసరికి..." ఆగాడు. "లెస్, నువ్వు అక్కడ మీ అక్కని పాతిపెడుతున్నావు. ఫోన్ చేసి ఏమని చెప్పను?"

"వచ్చాక చెప్పొచ్చు కదరా."

"వచ్చేసరికి నువ్వు ఈ అమ్మాయి పేరు అంటున్నావు. ఒక రోజు ఆగాను. రెండో రోజుకి ఇంకా కష్టమైంది."

"పది రోజులు," అంది షెల్బీ. గొంతు పెంచలేదు. "నా పేరు ఊరంతా తిరిగింది. మీరు నాకు టీ కూడా ఇచ్చారు, ఆ బుధవారం పొద్దున్న. నేను ఏడుస్తుంటే పక్కనే కూర్చుని ఇచ్చారు."

లెస్ ముందే వయసైన మనిషి. ఆ కుర్చీలో ఇంకా కుంగిపోయాడు. "ఇరవై ఏళ్ళుగా పక్క గదిలో ఉన్నవాడిని అడగాలని నాకు తోచలేదు," అన్నాడు. "బయటి పిల్ల కనబడింది, చాలు అనుకున్నాను."

"ఫోన్ చెయ్యండి," అంది షెల్బీ. "ఆసుపత్రికి, తర్వాత క్లబ్బుకి. ఇక్కడే, నా ఎదురుగా."

చేశాడు. రెండు చోట్లా తప్పు తనదేనని, ఆ అమ్మాయిది కాదని, తడబడుతూ చెప్పాడు. ఆసుపత్రి వాళ్ళు షెల్బీని ఫోన్లోకి పిలిచారు. ఆమె "సరే, రెండింటికి వస్తాను" అని మాత్రం అంది.

"గది ఖాళీ చెయ్యనా?" అని రాడ్ అడిగాడు.

"ఈ చలిలో ఎక్కడికి పోతావు. ఉండు," అన్నాడు లెస్ అతని వైపు చూడకుండా. "కొన్నాళ్ళు నాతో మాట్లాడకు."

మొయిరా తేవిటాకి సైగ చేసింది. వాళ్ళు బయల్దేరుతుండగా లెస్ లేచి షెల్బీ దగ్గరికి వచ్చాడు. ఏదో అడగాలని ఉండి అడగలేక, చివరికి అడిగాడు.

"అమ్మాయ్, నువ్వు నర్సువి. అది బాగా బాధపడిందా?"

డాక్టరు రిపోర్టు తేవిటా చదివాడు. చాలా గంటలు అని అందులో ఉంది. షెల్బీ కూడా చదివింది. ఆమె ఏం చెప్పినా తప్పు పట్టే హక్కు ఆ గదిలో ఎవరికీ లేదు.

"నీళ్ళ గిన్నెలో చుట్ట చుట్టుకుని ఉందండీ," అంది షెల్బీ. "పెద్ద గిన్నె కదా. నీళ్ళు ఉన్నంతసేపూ దానికి కాస్త చల్లగానే ఉండి ఉంటుంది."

లెస్ చాలాసార్లు తలూపాడు. ఆమె కోటు గుండీలు పెట్టుకుని, ఆయన కోసం ఒక్క క్షణం ఆగి, తర్వాత డ్యూటీకి వెళ్ళిపోయింది.