ఆరింటి గ్లాసు

ఫాక్స్ సాగర్ చెరువు పొంగి కొంపల్లి కాలనీల్లో పడవలు తిరిగిన తర్వాత మూడో ఏడు అది. మేడ్చల్ బస్‌స్టాండ్ దగ్గరి ఇరానీ హోటల్‌లో, మధ్యాహ్నం మూడున్నరకు, మూల టేబుల్ దగ్గర ఇద్దరు కూర్చున్నారు.

ఒకడు మన్నాన్. యాభై ఎనిమిదేళ్లు. నూనె మరకల చొక్కా, భుజాన వైర్ల చుట్ట. చూసినవాళ్లు మైక్‌సెట్ మెకానిక్ అనుకోవాలి. అనుకుంటున్నారు కూడా. ముప్పై ఏళ్లుగా అతను గూఢచారి. ఎదురుగా ఉన్నది అతని చీఫ్ లచ్చయ్య.

లచ్చయ్య ఒక ఫోటో జరిపాడు. ఒకే రంగు ఇళ్లు, ఒకే ఎత్తు చెట్లు.

"షామీర్‌పేట దాటినంక ఉంటది. పరిపూర్ణ టౌన్‌షిప్. నాలుగు వందల పన్నెండు కుటుంబాలు. భూములిచ్చినోళ్లకు గండ్లనే ఇండ్లిచ్చిండ్రు. మీ అక్క గూడ గాడనే ఉంటది గద?"

"జైనబ్ ఆపా. రెండేండ్లయితాంది. ఎప్పుడు ఫోన్ జేసినా 'అంతా మంచిగుంది' అంటది. గదొక్కటే మాట."

"వేరే మాటంటే మార్కులు పోతయ్ భాయ్. అందరి చేతికి ఒక బ్యాండ్ ఉంటది. గట్టిగ నవ్వితే మార్కులు కట్. లేటుగ లేస్తే కట్. ఇంట్ల పొయ్యి ముట్టిస్తే కట్. నడిపేది డాక్టర్ హెల్మర్ అని ఒక ఫారినోడు. రోజూ ఆరింటికి గంట కొడతడు. అందరు గ్రౌండ్‌ల నిలవడి ఒక్కసారే గ్లాసెత్తి శర్బత్ తాగాలె. ఇయ్యాల గా శర్బత్‌ల మందు గలుపుతాండు."

"విషమా సార్?"

"ఇషమైతే మనకు తెల్సిన పనే. ఇది కడుపుల పడ్డదంటే, మనిషి నోట్లకెళ్లి 'నేను జెయ్య' అనే మాట ఇగ జన్మల రాదు. చెప్పింది జేస్తడు, గంతే. కొనేటోళ్లు దేశం బయట కూసోని లైవ్‌ల చూస్తాండ్రు. ఇయ్యాల డెమో."

మన్నాన్ చాయ్ కప్పు కింద పెట్టాడు. "మన ఫోర్స్?"

"రెండు లారీలు రెడీ. కానీ గేటు కాడ మనోళ్లు కనవడ్డరంటే గంట ముందే కొడతడు. లోపల జామర్ ఉంది, ఫోన్లు పనిజెయ్యవ్. మైక్ రూమ్‌కు పో. గంట వైరు కొయ్యి, జామర్ బంద్ చెయ్, సిగ్నల్ ఇయ్యి. రూమ్ తీసేది మన ఏజెంట్ రేచల్." లచ్చయ్య చిన్న రేకు డబ్బీ ఇచ్చాడు. "ట్రాన్స్‌మీటర్. పైన ముక్కుపొడి ఉంటది, అనుమానం రాకుంట."

"నేను ముక్కుపొడి పీల్చ సార్."

"గవర్నమెంట్ సామాను భాయ్. ఇచ్చింది తీస్కో."

లచ్చయ్య లేచాడు. కౌంటర్ దగ్గర ఎవరో తుమ్మారు. ఒక్కటే తుమ్ము. లచ్చయ్య మళ్లీ కూర్చున్నాడు.

మన్నాన్ నవ్వాడు. "ఏంది సార్, దేశమంతా తిరిగొచ్చిన ఆఫీసర్ తుమ్ముకు భయపడ్తడా? మా ఇంట్ల తుమ్మితే అల్హమ్దులిల్లా అంటం, పోతం."

"నువ్వు పో. నేను రెండు నిమిషాలు ఆగి పోత. ఒంటి తుమ్ము మంచిది కాదు. రెండు తుమ్మితే పర్వాలే, పోవచ్చు."

*

ఐదున్నరకు మైక్‌సెట్ మెకానిక్ కోసం గేటు తెరుచుకుంది. లోపల కుక్క మొరగలేదు, కుక్కర్ కూయలేదు. అందరూ బూడిద రంగు బట్టల్లో ఉన్నారు. నలుగురు పిల్లలు బంతాట ఆడుతున్నారు. బంతి చప్పుడు తప్ప వాళ్ల నోటి చప్పుడు లేదు.

గ్రౌండ్ అంచున జైనబ్ గ్లాసులు వరసగా పెడుతోంది. ఒకప్పుడు ఆమె కూరగాయల బండివాడితో కొట్లాడితే షామీర్‌పేట గల్లీ గల్లీకి వినిపించేది.

"ఆపా, ఎట్లున్నవ్?"

ఆమె ముందు చేతి బ్యాండ్ చూసుకుంది. పచ్చ దీపం వెలుగుతోంది. తర్వాత తమ్ముడి ముఖం చూసింది.

"అంతా మంచిగుంది," అంది. ఒక గ్లాసు వరస తప్పింది. గబుక్కున సరిచేసింది.

మన్నాన్ తల తిప్పుకుని నడిచాడు. నడవకపోతే పని చెడుతుంది.

మైక్ రూమ్ మేడమీద ఉంది. తలుపు దగ్గర రేచల్ నిలబడింది. ఊరంతటి బూడిదలో ఆమె ఒక్కతే ఎర్ర చీర కట్టింది. ఖరీదైన సెంటు వాసన మెట్ల దాకా వచ్చింది.

"చెరువు నిండిందా?" అంది.

"అలుగు పారుతోంది," అన్నాడు మన్నాన్.

కోడ్ సరిపోయింది. అతను లోపలికి అడుగు పెట్టాడు. వెనక తలుపు గడియ పడింది. తిరిగి చూస్తే ఆమె చేతిలో సైలెన్సర్ బిగించిన పిస్టల్ ఉంది.

"వైర్ల చుట్ట కింద పెట్టండి, మన్నాన్ గారూ. కటింగ్ ప్లేయర్ కూడా."

"ఎన్నాళ్ల నుంచి?"

"మొదటి నుంచీ. మీ చీఫ్‌కు తెలిసినవన్నీ నేను చెప్పినవే. ఒక ఏజెంటు వచ్చి కూడా ఏమీ చేయలేకపోయాడంటే, డెమో ఇంకా బాగా అమ్ముడుపోతుంది." ఆమె గోడ కెమెరా వైపు నవ్వింది.

గడియారం ఐదూ యాభై ఎనిమిది. కిటికీలోంచి గ్రౌండ్ కనిపిస్తోంది. పదహారు వందల మంది వరసల్లో నిలబడ్డారు. మొదటి వరస చివర జైనబ్.

"మైక్ ఆన్‌లోనే ఉంది. మాట్లాడుకోండి," అంది రేచల్.

మన్నాన్ మైక్ మీద పడ్డాడు. "తాగకండి! ఆపా, తాగకు!"

బయట స్పీకర్లు ఉలకలేదు.

"సాఫ్ట్‌వేర్. ఆరు వేల మాటలు నిషేధించాం. వద్దు, ఆగు, తాగకు... ఏ భాషలో అన్నా మింగేస్తుంది. పేరు పెట్టి పిలిచినా, కేకపెట్టినా అంతే. మనిషి నోటినుంచి వచ్చేదంతా లెక్కేశాం."

అంతా లెక్కేశారా? మన్నాన్‌కు ఇరానీ హోటల్ కౌంటర్ గుర్తొచ్చింది. లేచిన లచ్చయ్య మళ్లీ కూర్చోవడం గుర్తొచ్చింది.

"చివరిసారి ముక్కుపొడి పీల్చుకోనిస్తవా బిడ్డా? పాత అలవాటు."

రేచల్ జాలిగా చూసింది. "జల్దీ కానివ్వండి."

అతను డబ్బీ తీసి, బొటనవేలు నిండా పొడి పట్టి, రెండు రంధ్రాల్లోనూ దట్టించాడు. ముక్కు మండింది. కళ్లల్లో నీళ్లు తిరిగాయి. తుమ్ము మాత్రం రాలేదు.

ఆరు. గంట మోగింది. పదహారు వందల చేతులు ఒక్కసారే లేచాయి. గ్లాసులు పెదాల దాకా వెళ్లాయి. జైనబ్ గ్లాసు కూడా.

రేచల్ పిస్టల్ ఎత్తి గురి చూసింది.

అప్పుడు వచ్చింది. మన్నాన్ మైక్‌కు మూతి ఆనించి తుమ్మాడు.

నాలుగు దిక్కులా స్పీకర్లు ఆ తుమ్మును పిడుగులా వదిలాయి. అది మాట కాదు, కేక కాదు. ఏ జాబితాలోనూ లేదు. సాఫ్ట్‌వేర్ దాన్ని మింగలేదు.

గ్రౌండ్‌లో చేతులు ఆగిపోయాయి.

గదిలో ట్రిగ్గర్ మీద వేలూ ఆగింది. అర క్షణం. బహదూర్‌పల్లిలో రేచల్‌ను పెంచిన అవ్వ ప్రతి ఆదివారం చర్చికి పోయేది. తుమ్ము వినిపిస్తే గడప దగ్గరే కూర్చుని, తర్వాత పోయేది.

మన్నాన్‌కు ఆ అర క్షణం చాలు. కానీ రెండో తుమ్ము ముక్కు కొస దాకా వచ్చింది. రెండోది పడితే శకునం చెల్లకుండా పోతుంది, గ్లాసులు లేస్తాయి. అతను రెండు చేతులతో ముక్కు నలిపి పట్టుకుని, కాలితో పిస్టల్‌ను తన్నాడు. అది కిటికీ అద్దం పగలగొట్టుకుని బయట పడింది. భుజంతో ఆమెను గోడకు నొక్కి, మోచేత్తో జామర్ స్విచ్ ఆపి, మైక్ వైరు పీకాడు. ఇక ఆపలేక తుమ్మాడు. గది బయట ఎవరికీ వినపడలేదు.

"నువ్వు గూడ ఆగినవ్ బిడ్డా," అన్నాడు, ఆమె చేతులు వైరుతో కడుతూ.

రేచల్ కిటికీలోంచి గ్రౌండ్ వైపు చూసింది. మొదటిసారి ఆమె ముఖం ఊరి పిల్ల ముఖంలా ఉంది.

కింద ఒక్కొక్కరే గ్లాసు పక్కన పెట్టి నేలమీద కూర్చుంటున్నారు. బొట్టు పెట్టుకున్నవాళ్లూ, టోపీ పెట్టుకున్నవాళ్లూ. బ్యాండ్లన్నీ ఎర్రబడ్డాయి, మార్కులు పోతున్నాయి. డాక్టర్ హెల్మర్ తెల్ల కోటుతో పరుగెత్తుకొచ్చి జైనబ్ చేతికి గ్లాసు అందించాడు. చచ్చీరాని తెలుగులో "తాగు! తాగు!" అన్నాడు.

జైనబ్ ముందు బ్యాండ్ చూసుకోలేదు. అతని ముఖమే చూసింది.

"తుమ్ము వడ్డది, ఇనవళ్లేదా? నేను తాగ!"

ఆ గొంతు మేడమీద అద్దం పగిలిన కిటికీలోంచి మన్నాన్‌కు వినిపించింది. పాత గొంతే. అతను డబ్బీ నోటికి పెట్టుకుని, "సార్, రాండ్రి," అన్నాడు.

లారీలు వచ్చేసరికి హెల్మర్ కారు వెనక గేటు దగ్గర హారన్ కొడుతోంది. ఊరి మార్కులన్నీ సున్నా కిందికి పోతే గేట్లు వాటంతట అవే మూసుకుంటాయి. ఆ రూల్ రాసింది అతనే.

*

మర్నాడు పొద్దున ఏడింటికి మన్నాన్ మేడ్చల్ హోటల్‌లో చాయ్ తాగాడు. ఉస్మానియా బిస్కెట్లు పొట్లం కట్టించుకున్నాడు. జైనబ్ రాత్రి నుంచీ మూడుసార్లు ఫోన్ చేసి, ఇంకా రాలేదేమని తిట్టింది. అతను లేచి బండి తాళం చేతిలోకి తీసుకున్నాడు.

కౌంటర్ దగ్గర ఎవరో తుమ్మారు. ఒక్కటే.

"అల్హమ్దులిల్లా," అన్నాడు మన్నాన్. అటూ ఇటూ చూశాడు. లచ్చయ్య ఎక్కడా లేడని రూఢి చేసుకుని, మళ్లీ కూర్చుని ఇంకో చాయ్ చెప్పాడు.