పూస ఖాళీగా ఉండకూడదు

అందరూ పదిహేడు అని పిలిచే మనిషి ఉదయాన్నే తూనిక ఎక్కాడు. కవచం లేకుండా డెబ్బై తొమ్మిది కిలోలు, కవచంతో తొంభై ఆరు. దిగి, కుడి అరచేతిని నొప్పిపలక మీద పెట్టాడు. పలకలోంచి సూది లేచి చర్మంలో దిగింది.

“ఎంత?” అని అడిగింది పలక.

“సున్న.”

“సరిపోయింది.”

అరచేతి మీద ఒక చుక్క నెత్తురు వచ్చింది. దాన్ని తుడుచుకుని అతను పక్కకు జరిగాడు. వెనక పద్దెనిమిది ఎక్కాడు. వాడిదీ సున్నే. ఉకిషిరో కోటలో రెండు వందల పన్నెండు మెడలు, మెడకొక పూస, పూసకొక సున్న. ఇన్ని సున్నల ముందు ఒక ఒకటి పెట్టే నాథుడు మాత్రం ఇంతవరకు రాలేదు.

సముద్రం నగరాలను మింగిన తరువాత, ఒకప్పటి ఒసాకా రేవు మునిగిన చోట ఈ కోట తేలింది; ఉకిషిరో అంటే తేలే కోట. మిగిలిన వంశాలు పాత కట్టుబాట్లను పెట్టెల్లోంచి తీసి దులిపి తొడుక్కున్నాయి: ప్రభువు, సమురాయ్, నడుముకు రెండు కత్తులు. పాత బట్టల్లో కొత్త మనుషులు ఇమడలేదు. బట్టలు పవిత్రమైనవి కనుక మనుషులను కత్తిరించారు. కోట అడుగున, నీటిలో దాన్ని నడిపే అలరెక్కలు తిప్పడానికి మొదట యంత్రాలే ఉండేవి. యంత్రాలను ఉప్పు తినేసింది. ఉప్పు తినే మనుషులైతే మన్నుతారని దూరపు తీరాల నుంచి పట్టి తెచ్చారు. వచ్చినవాడి మెడకు పూస వేశారు. పూస భయాన్నీ దుఃఖాన్నీ సంతోషాన్నీ ఒకే జల్లెడలో పోసి ఏమీ కిందికి రానివ్వదు. కనపడని ఒకే దారానికి గుచ్చినట్టు పూసలన్నీ ఒకదాని ఊపిరి ఒకటి వింటాయి. అందుకే రెండు వందల మంది ఒక్క మనిషిలా రెక్క తిప్పుతారు.

పదిహేడు కవచం గదికి వెళ్ళాడు. దారిలో రెండుసార్లు దగ్గాడు.

గదిలో నూకరత్నం కవచం భుజానికి పట్టుదారం కుడుతోంది. భీమిలి దగ్గర సముద్రంలో తెప్ప మీద దొరికిన మనిషి, తొమ్మిదేళ్ళుగా కోటలో కవచాలు కుట్టి, పూసలు తుడుస్తుంది. కోటలో కోటభాషే మాట్లాడాలి. ఆమె ఆ నియమాన్ని పలక ముందు పాటించి, పదిహేడు ముందు పక్కన పెట్టేది. తొమ్మిదేళ్ళు ఆపకుండా వినిపించేసరికి ఆమె తెలుగు అతనికి పట్టుబడింది.

“పొద్దున్నించీ నీ దగ్గు నా గొంతులో దగ్గుతంది తమ్ముడా,” అంది తల ఎత్తకుండా. “నీకు జలుబు, మాకు జరిమానా. కింద అలరెక్కలకాడ అందరూ ఒక్కపాలే దగ్గినారు. రెక్క తప్పింది.”

“నాకు నా దగ్గు పూసలో వినపడలేదు అప్పా.”

“ఎలా వినపడుద్ది? ఎవుడి గొంతు ఆడి పూసకెక్కదు. ఎవుడి గురక ఆడికి ఇనబడదు సూడు, అలాగ. నీ గొంతు మా రెండొందల పదకొండు మందికీ ఎక్కుద్ది. నీకు మాత్రం నేదు.” పళ్ళతో దారం తెంపింది. “మద్దినేళ కాడికి ఆ బాధా తీరిపోద్దిలే. పూస తీసేత్తారు కదేటి.”

“తీస్తారు.”

“సమురాయివైపోతావు. ఈ కోటకి తేలుకోటని నాను పేరెట్టి తొమ్మిదేళ్ళయింది. పేరుకే తేలుకోట. కుట్టీది మాత్రం నానే.”

ఆమె ముఖంలో ఏ కదలికా లేదు. ఈ మాట రోజూ అంటుంది. నవ్వు పోయినా నోటికి అలవాటు పోలేదు. పదిహేడు రోజూ వింటాడు, ఇందులో నవ్వవలసిన చోటు ఎక్కడుందో అతనికి తెలుసు. ఆ చోటు దాకా నడిచి, చూసి, వెనక్కి వస్తాడు.

“పూస పోతే ముందుగా ఏం సేత్తావు?” అని అడిగింది.

“ఏడుస్తాను.”

“మంచిది,” అని ఆమె కవచం అతని భుజాల మీద సర్దింది.

అతని అసలు పేరు అతుమానే. ఊరు మొజాంబిక్ తీరంలో అంగోషే. పదకొండేళ్ళ కిందట అతన్నీ చెల్లెలినీ ఒకే పడవలో పట్టి తెచ్చారు. కోట చేరిన ఏడో రోజు పొద్దున అతనికి పూస వేశారు. ఆ మధ్యాహ్నం చెల్లెలు జ్వరంతో పోయింది. ఇద్దరు చెరోవైపు పట్టుకుని ఆమెను సముద్రంలోకి వదిలారు. ఆ ఇద్దరిలో అతనొకడు. బరువు తక్కువగా ఉందని మాత్రం గమనించాడు. అదొక్కటే గుర్తు. ఏడవవలసింది ఒకటి ఉందని తెలుసు, ఎక్కడ పెట్టాడో తెలియదు.

కోటలో మొదట రెక్క తిప్పాడు. తరువాత సమురాయ్‌ల సాధనకు కర్రబొమ్మ విరిగిపోతే బొమ్మ స్థానంలో నిలబెట్టారు. కత్తి కంటిదాకా వచ్చినా రెప్ప కదలని బొమ్మను కత్తి గురువు మూడు రోజులు చూసి, నాలుగో రోజు దాని చేతికే కత్తి ఇచ్చాడు. వంశాలు ఇప్పుడు సైన్యాలతో పోరాడవు. గొడవ వస్తే ఇంటికొకరు బరిలోకి దిగుతారు. ఈ కోటను ఏలే అకిజుమి వంశం తరఫున అతను తొమ్మిదిసార్లు దిగి తొమ్మిదిసార్లు నడిచి వచ్చాడు. పోయిన వారం పదోసారి కూడా వచ్చాడు. పది గెలిచినవాడు ఎక్కడివాడైనా సమురాయ్. సమురాయ్ మెడకు పూస ఉండదు. రెండు కత్తుల మీద అతనికి మోజు లేదు. ఖాళీ మెడ కోసమే పదిమందిని పడగొట్టాడు.

మధ్యాహ్నం పెద్ద హాలులో అకిజుమి ప్రభువు ఎత్తు పీఠం మీద కూర్చున్నాడు. వయసు ఎనభై దాటింది, గొంతు మాత్రం పీఠం కన్నా ఎత్తులో ఉంది. కోశాధిపతి కురాతా పక్కన నిలబడి కట్టడిపలక పట్టుకున్నాడు. కోటలో ఎవరు ఎవరికి లోబడాలో ఆ పలకకు తెలుసు. దాని మీద రెండే గళ్ళు: ఆజ్ఞ ఇచ్చేవారు, ఆజ్ఞ వినేవారు.

“దగ్గరికి రారా పదిహేడూ,” అన్నాడు కురాతా.

అతను మూరెడు దూరంలో మోకరిల్లాడు. సమురాయ్ మాట మూరెడు లోపలి పూసకే ఎక్కుతుంది; ఎక్కితే పూస ఉన్నవాడి ఒళ్ళు దానంతట అదే లోబడుతుంది.

“ఈ రోజు నుంచి కురొగానె,” అన్నాడు ప్రభువు. కురొగానె అంటే ఇనుము. తుప్పు పట్టే వస్తువుకు సముద్రం మధ్య ఆ పేరు పెట్టడంలో వెటకారం ఉందో లేదో ఎవరూ ఆలోచించలేదు. “చెయ్యి మెడకు. వేలు పూసకు. విప్పు.”

అతని వేలు పూసను తాకింది. క్లిక్‌మని పూస అరచేతిలో పడింది. పలక అతని గొంతు నమూనా తీసుకుని, రెండో గడిలోంచి పేరు చెరిపి మొదటి గడిలో రాసింది.

“పూస ఖాళీగా ఉండకూడదు,” అన్నాడు ప్రభువు. “సూర్యాస్తమయం లోగా నీ చేతులతో ఇంకొక మెడకు వెయ్యాలి. సమురాయ్‌గా నీ మొదటి పని.”

“పడవ వచ్చింది. మీరు కాసేపు విశ్రాంతి తీసుకోండి,” అన్నాడు కురాతా. ‘రా’ నుంచి ‘మీరు’ దాకా పదకొండేళ్ళ దూరం. కురాతా నాలుక దాన్ని ఒక్క శ్వాసలో ఈదింది.

కురొగానె కోట అంచుకు వెళ్ళి కూర్చున్నాడు. రేవులో పడవ కోసం కూర్చున్నట్టు ఏడుపు కోసం కూర్చున్నాడు.

ముందుగా వచ్చింది దురద. కవచం కింద వీపంతా దురద. తరువాత పొద్దుటి సూదిపోటు, ఆరు గంటలు ఆలస్యంగా. చాలాసేపు ముడుచుకుని కూర్చున్న కాలిలో తిమ్మిరి వదిలినట్టు ఒళ్ళంతా చిటచిటలాడింది. పదిమంది ముఖాలు ఒకరి వెనక ఒకరు వచ్చి నిలబడ్డాయి, ఆ పదోవాడికి పట్టుమని ఇరవై ఏళ్ళు కూడా లేవని ఇప్పుడు తెలిసింది. వాళ్ళ వెనక, ఇంకా దూరంగా, సన్నటి చేతులున్న ఒక మనిషి వస్తోంది. అతను లేచి నిలబడ్డాడు.

“కురొగానె గారూ,” అని కురాతా పిలిచాడు. “మెడ సిద్ధంగా ఉంది.”

పడవ దించే గదిలో ఒక అమ్మాయి నేల మీద కూర్చుని ఉంది. చేతులు కట్టి ఉన్నాయి. ఏడుస్తోంది. పదకొండేళ్ళలో అతను ఏడుపు చాలాసార్లు విన్నాడు, చెవితో. ఈసారి అది చెవి దాటి లోపలికి వచ్చింది.

“నీ పేరేమిటి?” అని తన తీరపు భాషలో అడిగాడు.

ఆమె తలెత్తి అతని ముఖం చూసింది, తరువాత రెండు కత్తులు, తరువాత చేతిలో పూస.

“అన్షా. నువ్వు మా వైపువాడివే.”

“అంగోషే.”

“మా అమ్మ నిన్న పోయింది. నీళ్ళలో వేశారు.” ముక్కు భుజానికి తుడుచుకుంది. “నువ్వు పట్టుకున్నది దేనికో పడవలో చెప్పారు. వెయ్యి. నేనేం పారిపోను, చుట్టూ నీళ్ళేగా. కానీ నా ఏడుపు పూర్తి కానివ్వు. ఇంకా మొదటి రోజే.”

వాళ్ళ తీరంలో పోయినవారికి నలభై రోజులు. ఏ పనిలో ఉన్నా రోజుకొకసారి పేరు చెప్పుకుని ఏడుస్తారు. నలభయ్యో రోజున అన్నం వండి, అందరికీ పెట్టి, ఆపుతారు. ఆపకపోతే పోయినవాళ్ళు వెళ్ళలేరు. మొదలే పెట్టకపోతే వాళ్ళు ఎక్కడుంటారో ఎవరూ చెప్పలేదు, ఎందుకంటే మొదలుపెట్టనివాళ్ళను ఆ తీరం ఎరగదు.

అతను కురాతా వైపు తిరిగాడు. “నలభై రోజులు కావాలి.”

“సూర్యాస్తమయానికి రెండు గంటలుంది,” అన్నాడు కురాతా. అతను దుర్మార్గుడు కాడు, పలక చూసి చెప్పాడు. “పూస ఖాళీగా ఉండకూడదు కదండీ. ఏదో ఒక మెడ కావాలి.”

“ఏ మెడైనా?”

“ఏ మెడైనా.”

కురొగానె చెంప మీద ఒక బొట్టు దిగింది. ఒకటే. దాని వెనక వరుసలో ఎన్ని ఉన్నాయో తెలుస్తోంది. ఒక గంట ఆగితే అవన్నీ వస్తాయి, చెల్లెలు పూర్తిగా వస్తుంది. అతను అన్షా చేతుల కట్లు చూశాడు. తలుపు అవతల, అలరెక్కల గది నుంచి, రెండు వందల మంది తీసే ఒకే ఊపిరి వినిపిస్తోంది. పొద్దున నూకరత్నం గురక గురించి చెప్పింది గుర్తొచ్చింది. ఏం చెయ్యాలో, ఏ మాటలు అనాలో, ఏ వరుసలో అనాలో అప్పుడే, ఒళ్ళు తెలిసి ఉండగానే, లోపల మూడుసార్లు చెప్పుకున్నాడు. తరువాత పూసను తన మెడకు పెట్టుకుని నొక్కాడు.

క్లిక్.

చెంప తడిగా ఉంది. ఎప్పుడు తడిసిందో గుర్తుంది. ఎందుకో తెలియలేదు. తెలియవలసిన పని కూడా లేదు. నిర్ణయం పూసకు ముందే అయిపోయింది, మిగిలింది అమలు.

కట్టడిపలక ఒకసారి మినుకుమంది. కురొగానె మొదటి గడిలో ఉన్నాడు. పూస పడగానే పదిహేడు మళ్ళీ రెండో గడిలోకి వచ్చాడు. విప్పుకున్న పూసను తిరిగి వేసుకునే సమురాయ్ ఉంటాడని ఆ వంశంలో ఏ తరమూ ఊహించలేదు కనుక దాన్ని నిషేధించే వాక్యమూ రాయలేదు. పలక వెతికింది, దొరకలేదు, ఊరుకుంది.

“నువ్వు... మీరు... ఏం చేస్తున్నా...” కురాతా క్రియ చివర దొరక్క ఆగిపోయాడు. చెయ్యి కత్తిపిడి మీదికి వెళ్ళి అక్కడే నిలిచింది. సమురాయ్ మీద కత్తి దూయాలంటే ప్రభువు అనుమతి కావాలి. పూస ఉన్నవాడి మీద దూస్తే ప్రభువు సొత్తు పాడుచేసినట్టు.

కురొగానె నెమ్మదిగా, పొద్దున ‘సున్న’ చెప్పిన గొంతుతో అన్నాడు: “చెయ్యి మెడకు. వేలు పూసకు. విప్పు.”

గాలిలో ఆ మాట మూరెడు దూరమే. దారంలో కోటంత దూరం. సమురాయ్ గొంతు మొదటిసారి పూసల లోపలి నుంచి మాట్లాడింది. ముందు పక్కగదిలో ఒక క్లిక్. తరువాత మెట్ల మీద నాలుగు. ఆపైన కింద అంతస్తుల్లో రేకుల మీద వాన మొదలైనట్టు. అలరెక్కలు ఆగాయి. కోట ఒక పక్కకు ఒరిగి, సర్దుకుని, ఊరికే తేలింది. తరువాత అన్నీ వచ్చాయి: అరుపులు, బూతులు, ఎవరో ఎవరినో పేరు పెట్టి పిలవడం. కురాతా పలకను గుండెకు హత్తుకుని ప్రభువు దగ్గరికి పరుగెత్తాడు.

అతను కత్తితో అన్షా కట్లు కోశాడు.

నూకరత్నం గోడ పట్టుకుని వచ్చింది. ఒక చేతిలో పూస, ఒక చేతిలో సూది. నవ్వుతోంది.

“తేలుకోట,” అంది ఊపిరాడక. “కుట్టీది నానే. ఓరి తమ్ముడా, తొమ్మిదేళ్ళు... బాగుంది కదేటి అది, ఎవుడూ సెప్పలేదేటి నాకు...” నవ్వు సగంలో విరిగి ఏడుపైంది, ఏడుపు సగంలో మళ్ళీ నవ్వైంది. కాసేపటికి అతని మెడ మీద ఇంకా ఉన్న పూసను చూసింది. దగ్గరికి వచ్చి బొటనవేలితో నొక్కింది. గోటితో లాగింది. సూదితో పొడిచింది.

“రాదు అప్పా. నా గొంతు నాకెక్కదు.”

“మరి నువ్వేడవొద్దేటి? దానికోసమే కదేటి ఇదంతా.”

“నువ్వు ఏడువు,” అన్నాడు. “నా చెల్లెలు. పంతొమ్మిదేళ్ళు. బరువు తక్కువ. నలభై రోజులు.”

నూకరత్నం అన్షా పక్కన నేల మీద కూర్చుంది. కొంగుతో ముఖం తుడుచుకుంది, మళ్ళీ తడవబోతోందని తెలిసి కూడా.

“పేరేటన్నావు?”

“మ్వనైషా.”

ఆమె చెయ్యి నేలకు కొట్టి, తన తీరపు రాగంలో మొదలుపెట్టింది. పేరు తప్పు పలికింది. అతను సరిచేశాడు. ఆమె మళ్ళీ మొదటి నుంచి మొదలుపెట్టింది.