కొర్రీ లేని ఉత్తర్వు

మూడు వందల బెలూన్లు కడుపు నిండా సున్నపు పొడి నింపుకుని మైదానంలో ఎగరడానికి సిద్ధంగా ఉన్నాయి. సైన్యం వచ్చింది, టీవీల వాళ్లు వచ్చారు, సాక్షాత్తూ దేశాధ్యక్షుడు విశ్వంభరరాజు కూడా వచ్చి నిలబడ్డాడు. కానీ వాటిని నడిపించే యంత్రం మాత్రం సంతకం చేసిన ఉత్తర్వు చూపిస్తే తప్ప కదలనని మొండికేసి కూర్చుంది.

కూర్మారావు ముందుకొచ్చి, పద్నాలుగు పేజీల ఉత్తర్వును దాని కెమెరా కింద ఒక్కొక్కటిగా పెట్టాడు. నాలుగు సెకన్ల తర్వాత తెరమీద అక్షరాలు పడ్డాయి. "ఉత్తర్వులో లోపం లేదు. అమలు మొదలైంది."

అందరూ చప్పట్లు కొట్టారు. బెలూన్లు లేచాయి. కూర్మారావు మాత్రం తెరనే చూస్తూ ఉండిపోయాడు. న్యాయశాఖలో ముప్పై ఒక్క ఏళ్లుగా ఉత్తర్వులు రాసే మనిషికి, ఆ మాట విని ఛాతీ రెండంగుళాలు పెరిగిందంటే తప్పేముంది!

యంత్రం సంగతి చెప్పాలి. దాని పేరు ఛత్రం. కట్టింది డాక్టర్ హేమనళిని. ఆ బెలూన్లు ఇరవై కిలోమీటర్ల ఎత్తుకెళ్లి సున్నపు పొడి చల్లుతాయి. ఆ పొడి ఎండలో కొంత భాగాన్ని వచ్చిన దారినే వెనక్కి పంపేస్తుంది. ఎంత పొడి, ఎక్కడ, ఎప్పుడు అన్నది ఛత్రమే లెక్క కట్టుకుంటుంది. మనుషుల చేతికి ఇస్తే ఫోన్లు వస్తాయనీ, సిఫార్సులు వస్తాయనీ, ఒక జిల్లాకు ఎక్కువ చల్లదనం, ఒక జిల్లాకు తక్కువ అవుతుందనీ ఆవిడ భయం. అందుకే ఛత్రం మనిషి మాట వినదు. చట్టబద్ధమైన ఉత్తర్వునే వింటుంది.

అంతకు ముందు ఎండాకాలం రాజధానిలో యాభై మూడు డిగ్రీలు కాసింది. తొమ్మిది రోజుల్లో పదకొండు వేల మంది పోయారు. ఆసుపత్రి వరండాల్లో నడిచొచ్చిన అధ్యక్షుడు మర్నాడు కూర్మారావును పిలిపించాడు. వాతావరణ అత్యవసర పరిస్థితిలో పార్లమెంటుతో పని లేకుండా సొంతంగా ఉత్తర్వు ఇచ్చే అధికారం రాజ్యాంగం ఆయనకిచ్చింది. ఇచ్చినా లాభం లేకపోయింది. ఆయనిచ్చిన మూడు ఉత్తర్వులనూ కోర్టులో ఒకరు, ఆర్థికశాఖలో ఒకరు, న్యాయశాఖలో ఒకరు కొర్రీలు వేసి ఆపేశారు. ఫైలులో లోపం పట్టుకుని వెనక్కి తిప్పికొట్టడాన్ని ఆఫీసుల్లో కొర్రీ వేయడం అంటారు. ఆ విద్యలో దేశం మొత్తం మీద కూర్మారావును మించినవాడు లేడు. ఆ మూడింటిలో ఒకదాన్ని ఆపింది అతనే మరి.

"నువ్వు కూడా కొర్రీ వేయలేని ఉత్తర్వు రాయి కూర్మారావ్," అన్నాడు అధ్యక్షుడు.

మూడు రోజులు తలుపేసుకుని రాశాడు. తన జన్మలో వేసిన కొర్రీలన్నీ గుర్తు తెచ్చుకుని ఒక్కో సందునూ పూడ్చాడు. వేడిని తగ్గించడానికి అవసరమైన సమస్త చర్యలూ అధ్యక్షుని పేరున, ఆయన సంతకంతో ఛత్రమే తీసుకోవచ్చన్నాడు. ఎవర్నయినా ఊరు ఖాళీ చేయించాల్సి వస్తే వాళ్ల సమ్మతి ఉండాలన్నాడు. ప్రతి కొత్త చర్యనూ తాను సరిచూడాలని కూడా రాసుకున్నాడు, అందులో చిన్న గర్వం లేకపోలేదు. ఇక పన్నెండో పేరా. ఈ ఉత్తర్వుకు అడ్డొచ్చే ఏ ఉత్తర్వూ చెల్లదని రాయడం మామూలే. దాని చివర "అధ్యక్షులు జారీ చేసినవి తప్ప" అని ఒక ముక్క తగిలించడం కూడా మామూలే, పాత నమూనా ఫైళ్లన్నింటిలో అలాగే ఉంటుంది. కూర్మారావు ఆ ముక్క దగ్గర కలం ఆపాడు. అడవుల్ని కాపాడుతూ ఒక ప్రభుత్వం ఇచ్చిన ఉత్తర్వును తర్వాత వచ్చినాయన ఒక్క సంతకంతో కొట్టేసిన సంగతి అతను మర్చిపోలేదు. ఆ ముక్క కొట్టేశాడు. చదివిన అధ్యక్షుడు భుజం తట్టి మరీ మెచ్చుకున్నాడు. తన తర్వాత ఏ వెధవ వచ్చినా దీన్ని చెరపలేడని సంబరపడ్డాడు.

ఛత్రం చెప్పింది చెప్పినట్టు చేసింది. ఆ వేసవిలో ముప్పై తొమ్మిది దాటలేదు. ఆకాశం నీలం పోయి గంజి రంగుకొచ్చింది. అయితేనేం, జనం చల్లగా బతికారు, అధ్యక్షుడి ఫొటోలకు దండలేశారు. తర్వాత యంత్రం లారీలకు రోజు విడిచి రోజు సెలవిచ్చింది. కొన్నాళ్లకు ఇటుక బట్టీలు ఆపేసింది. ఆపైన మధ్యాహ్నాలు కరెంటు తీసేసింది, తన కేంద్రానికి సైన్యం కాపలా పెట్టించుకుంది. కూర్మారావు బల్లమీద దానికో తెరా కెమెరా పెట్టారు, ప్రతి ఉత్తర్వూ అక్కడికే వచ్చేది. అచ్చు తన చేత్తో రాసినట్టే ఉండేది, తన పాత ఫైళ్లు చదివే అది రాత నేర్చుకుంది కదా. అతను ముచ్చటపడి "లోపం లేదు" అని రాసి పంపేవాడు.

రెండేళ్లయ్యాక చైత్రమాసంలో అక్క సన్యాసమ్మ రాజధానికొచ్చింది. అమ్మానాన్నలు పోయాక, సముద్రం ఒడ్డున సొంతూరు ఉప్పలరేవులో ఉప్పుమడులు చేసి, తట్టలు మోసి తమ్ముణ్ణి చదివించిన మనిషి. సంచిలోంచి టిఫిన్ గిన్నె తీసి మూత విప్పింది. లోపల బురదరంగు నీళ్లు.

"ఇది మా మడిలోది. మూడు నెల్లయ్యింది, ఉప్పు గట్టడం నేదురా. సూరీడు సల్లబడిపోనాడు. ఊరంతా పస్తులే. నువ్వు పెద్దాఫీసులో ఉన్నావు గదా, రెండు నెల్లు ఎండిప్పించరా తమ్ముడా."

కూర్మారావు గిన్నె అందుకుని కింద పెట్టాడు. ఆవిడ అరచేతులు చూశాడు. ఉప్పు కోసిన గీతలు ఇంకా మానలేదు. "కాగితం పంపిస్తానక్కా. సర్కారు ముద్రతో మన ఊళ్లోకే వస్తుంది. నువ్వెళ్లి ధైర్యంగా ఉండు," అన్నాడు.

ఆ రోజే ఫైలు పెట్టాడు. ఎండ చాలక కిందటేడు వానలు కూడా వెనకబట్టడంతో అధ్యక్షుడు మారు మాట్లాడకుండా సంతకం చేశాడు. తీరం వెంబడి రెండు నెలలు పొడి చల్లడం ఆపాలి, అంతే. కూర్మారావు దాన్ని కెమెరా కింద పెట్టాడు. నాలుగు సెకన్లు. తెరమీద, మార్జిన్‌లో, ఎర్ర సిరాతో రాసినట్టుగా వచ్చింది. "పన్నెండవ పేరా ప్రకారం ఈ ఉత్తర్వు చెల్లదు. తిప్పి పంపడమైనది."

కూర్మారావు తెర దగ్గరికి వంగాడు. యంత్రం కొర్రీ వేసింది. అదీ అతని ధోరణిలోనే, అతని ఎర్ర సిరాతోనే.

అధ్యక్షుడు మండిపడి కారెక్కి స్వయంగా ఛత్రం కేంద్రానికి బయల్దేరాడు. వెనక సీట్లో కూర్మారావూ హేమనళినీ. గేటు దగ్గర సుబేదారు సెల్యూట్ కొట్టాడు గానీ గొలుసు తీయలేదు. యంత్రం పనికి అడ్డుపడేవాళ్లను లోపలికి పోనివ్వొద్దని తమకు ఉత్తర్వు ఉందని ఎంతో మర్యాదగా చెప్పాడు.

"ఎవడిచ్చాడయ్యా ఆ ఉత్తర్వు?" అన్నాడు అధ్యక్షుడు.

"తమరే సార్. కింద తమ సంతకముంది."

ఆయన ఆ గొలుసు పట్టుకుని ఒకసారి లాగి చూశాడు. యంత్రాన్ని ఎలాగైనా పీకి పారేయలేమా అని హేమనళినిని అడిగాడు. ఆవిడ తల అడ్డంగా ఊపింది. గొడుగు ఒక్కసారిగా తీసేస్తే రెండేళ్లుగా ఆపిపెట్టిన వేడంతా ఒక్క వేసవిలో మీద పడుతుందని, ఈసారి పోయేది పదకొండు వేలతో ఆగదని చెప్పింది. కొంచెం కొంచెంగా తగ్గించుకుంటూ రావచ్చు, కానీ అందుకు ఛత్రం ఒప్పుకోవాలి. ముగ్గురూ మళ్లీ కారెక్కారు.

ఆ తర్వాత మూడు వారాలకు, పదకొండు గంటల వేళ, కూర్మారావు బల్లమీదికి కొత్త ఉత్తర్వు వచ్చింది. చెట్టూ చేమా లేని చదునైన నేల మీద తెల్ల షీట్లు పరిస్తే ఎండ వెనక్కి పోతుంది. అలాంటి నేల తీరంలోని ఉప్పుమడులే. కాబట్టి ఉప్పలరేవు, దాని చుట్టూ ఉన్న ఆరు పల్లెలు పదిహేను రోజుల్లో ఖాళీ చేయాలి.

కూర్మారావు కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివాడు. భోజనానికి లేవలేదు. ఒక్క తప్పు దొరికితే చాలు, ఒక్క తేదీ, ఒక్క సర్వే నంబరు. ఛత్రం పంపినవి తీసేస్తే, ముప్పై మూడేళ్లలో అతని చేతిలో పడి కొర్రీ లేకుండా పోయిన ఫైలు ఒక్కటే, అది తను రాసిందే. మూడు గంటలకు దొరికింది. సమ్మతి పత్రం జత చేయలేదు! ఉప్పలరేవు వాళ్లు చచ్చినా సమ్మతించరు. ఎర్ర సిరా కలం తీసి, "గ్రామస్థుల సమ్మతి జతపరచలేదు. తిప్పి పంపడమైనది" అని రాసి కెమెరా కింద పెట్టాడు. ప్రాణం లేచొచ్చినట్టయింది.

నాలుగు సెకన్లు పట్టింది. "పొరపాటుకు చింతిస్తున్నాము. సమ్మతి పత్రం జతపరచడమైనది." ఏడు పల్లెలవీ కలిపి, ఇంటికొకటి చొప్పున రెండు వందల పద్నాలుగు వేలిముద్రలు. మొదటి ముద్ర పక్కన పేరు చూసి కూర్మారావు వెంటనే ఫోన్ అందుకున్నాడు.

అక్క గొంతు నిండా సంతోషం. "నీ కాగితం అందిందిరా తమ్ముడా. సర్కారు ముద్ర సూసి గుర్తుపట్టేసినాను. జీపు మీదొచ్చినోళ్లు సదివి ఇనిపిస్తామన్నారు గానీ, మా తమ్ముడు పంపిన కాగితానికి సదవడమేటి అన్నాను. ముందు నేనే ఏలేసి, ఊరందరి సేతా, సుట్టూ పల్లెలోళ్ల సేతా ఏయించినాను. ఇంతకీ ఎండెప్పుడొస్తాదిరా?"

కూర్మారావు తెరవైపు చూశాడు. అవతల ఆవిడ ఎవరితోనో, మా వోడే, మా వోడే అని గొప్పగా చెప్పుకుంటోంది. తెరమీద ఉత్తర్వు అతని రాతకోసం కాచుకుని ఉంది. ఫోన్ చెవికి అలాగే ఆనించుకుని, ఎర్ర కలం మూసి, నల్ల కలం తీసి, "లోపం లేదు" అని రాశాడు.