నాలుగోసారి నీళ్ళ పరీక్ష

"ఎవరండీ మీరు? మా గులాబీల మీద కాలెందుకు పెట్టారు?"

అతను ఉలిక్కిపడి రెండడుగులు వెనక్కి వేశాడు. వెనక బంతినారు ఉంది. అదీ నలిగింది.

"పరీక్ష బోరు ఇక్కడే ఉందండీ, నీళ్ళు పట్టుకెళ్ళడానికి వచ్చాను," అన్నాడు, సీసాల పెట్టెను పొట్టకు హత్తుకుని.

నర్సరీ అమ్మాయికి, సీసాల అబ్బాయికి పరిచయం అలా గొడవతో మొదలైంది. పక్క పెట్రోలు బంకులో నేలలోని ట్యాంకు కారింది. బంకు మూతపడింది, దానితోపాటు తల్లీకూతుళ్ళ నర్సరీ బోరుకూ తాళం పడింది. మొక్కలకు ట్యాంకరు నీళ్ళే గతి. నీళ్ళలో పెట్రోలు కలిసిందేమోనని, పక్కనే తవ్విన పరీక్ష బోరులోంచి మూడు నెలలకోసారి తీసి పరీక్ష చెయ్యాలి. వరసగా నాలుగుసార్లు నీళ్ళు శుభ్రంగా వస్తే తాళం తీస్తారు.

మొదటిసారి శుభ్రమని తేలినప్పుడు ఆమె ఎగిరి గంతేసింది. రెండోసారి నవ్వి ఊరుకుంది. మూడోసారి మాత్రం గుండె గుభేలుమంది. ఇంకొక్కసారి ఇలాగే వస్తే అతను ఇక రాడు!

గొట్టాన్ని తాడుతో బోరులోకి దించి, చిన్న సీసాను నింపి, తలకిందులు చేసి, గాలిబుడగ ఉందేమోనని అతను వెలుతురుకెత్తి చూసేవాడు. అంత శ్రద్ధగా నా మొహం ఎప్పుడు చూస్తాడో మహానుభావుడు, అనుకునేది ఆమె. గంటలో పని ముగించుకుని వెళ్ళిపోయేవాడు. ఆ గంటను తలుచుకుంటూ ఆమె తొంభై రోజులు గడపాలి.

నాలుగోసారి వచ్చే రోజు పొద్దున్నే గోళ్ళకు ఎర్రరంగు వేసుకుంది. మట్టిలో పనిచేసే చేతులకు అదే మొదటి ముస్తాబు. అతను సీసా నింపుతుండగా చినుకులు మొదలయ్యాయి.

"ఈ మూత కాస్త పట్టుకుంటారా?" అన్నాడు కంగారుగా.

పట్టుకుంది. అతను గోళ్ళ వంక చూశాడు, చెవులు ఎర్రబడ్డాయి. వాన ఇంకాస్త పెద్దదైతే బాగుండుననిపించింది ఆమెకు. పాపిష్టి వాన, అయిదు నిమిషాల్లో వెలిసింది.

పదిరోజులకే అతను మళ్ళీ వచ్చాడు. మొహంలో కళ లేదు.

"నీళ్ళలో టోలుయీన్ కనిపించిందండీ. పెట్రోలులో ఉండేదే. కానీ పెట్రోలైతే బెంజీన్ లాంటి దాని చుట్టపక్కాలన్నీ కలిసి రావాలి. ఇదొక్కటే వచ్చింది. కారణం దొరక్కపోతే మళ్ళీ మొదటినుంచి నాలుగు పరీక్షలు."

ఇంకో ఏడాది. నాలుగు గంటలు! ఆమె మనసు ఒక్క క్షణం గంతులేసింది. అంతలో గుమ్మం దగ్గర అమ్మ, ట్యాంకరు నీళ్ళు ఏ మొక్కకు పొయ్యాలో, ఏ మొక్కను వదిలెయ్యాలో తేల్చుకోలేక బిందె పట్టుకుని నిలబడి కనిపించింది.

"ఆ సరుకు ఇంకెందులో ఉంటుందండీ?"

"పెయింట్లలో, జిగురుల్లో..."

"గోళ్ళ రంగులో?"

అతను తలెత్తాడు.

"ఆ పొద్దున్నే వేసుకున్నాను. ఆ చేత్తోనే మీ మూత పట్టుకున్నాను." చేతులు వెనక్కి దాచుకుంది. "మీరిక రారు కదా, ఆఖరిసారి చక్కగా కనపడదామని."



"తొడుగు లేని చేతికి మూత ఇవ్వడం నా తప్పు. చూపు సీసా మీద ఉంటేగా!" అని అతను ఆఫీసులో తన తప్పు తానే రాసిచ్చి, పరీక్ష మళ్ళీ పెట్టించాడు. ఈసారి ఆమె లోపలే కూర్చుంది. కిటికీలోంచి అతని వీపు మాత్రమే కనిపించింది, కళ్ళు చెమర్చాయి.

నీళ్ళు శుభ్రమని తేలింది. తాళం తీశారు. మోటారు వేసి తల్లి చంటిపిల్లలా చప్పట్లు కొట్టింది.

"ఇక నీకు మా ఇంట్లో పనేం లేదు బాబూ!"

అతను కదల్లేదు.

"ఒక్కటుందండీ. రిపోర్టు రాసేవాణ్ణి నేనే కదా, అది తేలేదాకా నోరు విప్పకూడదని ఆగాను." ఆమె వైపు తిరిగాడు. "మూడేసి నెలలు ఆగడం ఇక నావల్ల కాదు. రోజూ రావచ్చా?"

"రాకపోతే ఊరుకోను," అంది ఆమె, ఏడుస్తూ నవ్వుతూ.

తల్లి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"రోజూ ఎందుకయ్యా తిరగడం? మీవాళ్ళను వెంటబెట్టుకుని ఒక్కసారి రా, చాలు."