తిన్న అరగంటలోపు

ఆసుపత్రిలో నర్సమ్మ మాత్రల డబ్బా ఇస్తూ చెప్పిన మాటలు నేనూ విన్నాను. వదిన పక్కనే కూర్చుని ఉన్నాను.

"ఇంట్లో వేసుకునేవే కదా అని జ్వరం బిళ్ళల్లా చూడకండమ్మా. ఇదీ కీమోనే. తిన్న అరగంటలోపు నీళ్ళతో మింగెయ్యాలి. కొరక్కూడదు, నూరకూడదు. ఇచ్చేవాళ్ళు చేతికి గ్లవుజు వేసుకోవాలి. అరచేతులు మండినా, నోరు పూసినా, విరేచనాలు పట్టుకున్నా మాత్ర ఆపి ఆ రోజే మాకు ఫోన్ చెయ్యండి. మోతాదు తగ్గించి మళ్ళీ మొదలుపెడతాం. ఓర్చుకోవడం గొప్ప కాదు."

అన్నయ్య బుద్ధిమంతుడిలా తలూపాడు.

అన్నయ్యది మోటార్లు రీవైండింగ్ చేసే షాపు. కాలిపోయిన మోటారు తెచ్చి ముందు పడేస్తే, పాత తీగ పీకి కొత్తది చుట్టి గిర్రున తిప్పి చూపిస్తాడు. ఆ ధీమా మనుషుల మీద కూడా ఉంది. వదిన బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టేది. పేగులో గడ్డ ఆపరేషన్ చేసి తీసేశారు. నలుసంత ఏమైనా మిగిలితే చంపడానికి ఈ మాత్రలు.

మొదట్లో అన్నీ పద్ధతిగానే చేశాడు. పొద్దున, సాయంత్రం గ్లవుజు తొడుక్కుని ఎదురుగా నిలబడేవాడు.

"తిన్నావా? అరగంట దాటలేదుగా? ఏదీ, నోరు తెరువు."

"చంటిపిల్లను చేసేశారండీ నన్ను," అని నవ్వేది వదిన.

ఆ నవ్వు ఎన్నాళ్ళో నిలవలేదు. అరచేతులు ఎర్రబడ్డాయి. అరికాళ్ళు నేలమీద ఆనించలేకపోయేది. ఒకరోజు ఫ్యాక్టరీ గేటు దగ్గర హాజరు మిషను ఆమె బొటనవేలిని ఒప్పుకోలేదు.

"ఇన్నేళ్ళు పనిచేశాక నేను నేను కాదందమ్మా ఆ మిషను," అంటూ వేలు చూపించింది. గీతలన్నీ చెరిగిపోయాయి. తొక్క తీసిన ఉడికిన గుడ్డులా నున్నగా ఉంది వేలికొస.

"నర్సమ్మ చెప్పింది ఇదే కదా. ఫోన్ చేద్దాం," అని నేను నంబరు నొక్కబోయాను. అన్నయ్య నా చేతిలోంచి ఫోన్ లాక్కున్నాడు.

"చేస్తే ఆపేస్తారు. ఆపితే మళ్ళీ గడ్డ లేస్తుంది. వేడెక్కిందంటే మోటారు తిరుగుతున్నట్టే కదే!"

"మనిషి మోటారు కాదన్నయ్యా."

"అద్దాలు తుడుచుకునేదానివి, నీకేం తెలుసు?"

నేను కళ్ళద్దాల షాపులో పనిచేస్తాను. ఆ మాట నిజమే. కానీ అద్దాలు తుడుచుకునేదానికి తెలిసింది కూడా ఆయనకు తెలియలేదు. మర్నాటి నుంచి నేను వెళితే గుమ్మంలోనే ఆపేసేవాడు. "నిద్రపోతోంది, తర్వాత రా" అనేవాడు. లోపలి నుంచి రాతి మీద రాయి ఆడుతున్న చప్పుడు వినిపించేది.

నోరంతా పూసి వదిన మాత్ర మింగలేకపోతోందని, వాటిని కల్వంలో నూరి, పాలలో కలిపి, చెంచాతో పోశాడట. విరేచనాలతో మనిషి మంచానికి అతుక్కుపోయినా పోశాడట. ఆఖరికి ఆసుపత్రికి మోసుకొచ్చేసరికి ఒంట్లో తడి లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకోవడం అంటారే, అదీ.

"జబ్బు కాదమ్మా, మందే తినేసింది," అన్నాడు డాక్టరు, ఆమె ముఖం మీద దుప్పటి కప్పుతూ.

పరామర్శకు వచ్చినవాళ్ళంతా తలరాత అన్నారు. తలరాత కాదు, మాత్ర. అన్నయ్య మాత్రం వచ్చినవాళ్ళందరితో ఒకే మాట. "ఒక్క పూట తప్పలేదు. ఆఖరిదాకా నా చేత్తోనే పోశాను."

మిగిలిన మాత్రలు చెత్తలో పారెయ్యకూడదు, ఆసుపత్రికి తిరిగి ఇచ్చెయ్యాలి. వాటి కోసమే ఓ వాన సాయంత్రం అన్నయ్య ఇంటికి వెళ్ళాను. తడి గోడల వాసన. ఆరని బట్టల వాసన. అన్నయ్య అప్పుడే తిని, కంచం కూడా తీయకుండా కుర్చీలో కూలబడి ఉన్నాడు. చిక్కిపోయాడు. అలమారలోంచి డబ్బా తీసి నా సంచిలో వేసుకున్నాను. 

కరెంటు పోయింది.

"కొవ్వొత్తి ఎక్కడుంది అన్నయ్యా?"

వాన చప్పుడు కాసేపు హోరుగా వినిపించి సన్నబడింది. అప్పుడు విన్నాను. వంటింట్లో... రాతి మీద రాయి. గర్ర్... గర్ర్... ఆగింది. మళ్ళీ గర్ర్...

"ఎవరన్నయ్యా వంటింట్లో?"

"వినిపిస్తోందా నీకు?" అన్నాడు గుసగుసగా. ఆ గొంతులో భయం లేదు. పిచ్చివాణ్ణి కానన్నమాట అనే ఊరట ఉంది. అదే నన్ను భయపెట్టింది.

చప్పుడు ఆగిపోయింది. చెంచా గిన్నెకు తగిలింది. నేలమీద అడుగులు... కాళ్ళు మోపలేని మనిషి మడమల మీద నడిచినట్టు. చేదు వాసన ఒకటి గదిలోకి వచ్చింది. నాలుక వెనకభాగాన తగిలే చేదు. నా పక్కనుంచే వెళ్ళింది.

"తిన్నారా?"

వదిన గొంతే. ప్రేమగా ఉంది.

"తిన్నాను," అన్నాడు అన్నయ్య.

"అరగంట దాటలేదుగా?"

"దాటలేదు."

"ఏదీ... నోరు తెరవండి."

పంటికి చెంచా తగిలిన చప్పుడు. గుటక. ఫోన్ లైటు వేద్దామంటే చీకట్లో ఫోన్ చేజారింది. నేలమీద తడిమి, వెతికి, వేశాను.

ఎవరూ లేరు. అన్నయ్య ఒక్కడే. పిట్టపిల్లలా నోరు తెరుచుకుని కూర్చున్నాడు. పెదవుల చివర పాలు. పాలలో తెల్లటి నలకలు.

"అన్నయ్యా, ఉమ్మెయ్... ఉమ్మెయ్!"

మూతి తుడవబోతే ఆయన కళ్ళద్దాల మీద మరక కనిపించింది. రోజంతా వేలిముద్రలు తుడిచే చేతులు నావి. ముద్రంటే గీతలుంటాయి, సుడులుంటాయి. ఇది బొటనవేలంత మరక. అద్దం లోపలివైపు. నున్నగా... ఒక్క గీత లేదు.

ఆ రాత్రికే ఆటోలో ఆసుపత్రికి తీసుకెళ్ళాను. వారం తిరిగేసరికి అన్నయ్య నోరంతా పుళ్ళు. అరచేతులు పొరలు పొరలుగా ఊడాయి. రక్తపరీక్షలో తెల్లకణాలు పడిపోయాయి. వదినను చూసిన డాక్టరే నన్ను పక్కకు పిలిచాడు.

"ఈయనకు ఆ మందు ఎవరిస్తున్నారమ్మా?"

సంచిలోని డబ్బా తీసి ఇచ్చాను. ఆ నర్సమ్మే స్ట్రిప్పులు తిప్పి చూసింది. ఒక్క మాత్ర రేకు కూడా చిరగలేదు. నా ముఖంలోకి చూసింది. డబ్బాను ఆసుపత్రి వ్యర్థాలు వేసే పసుపు సంచిలో వేసి మూతి కట్టేసింది.

అన్నయ్య మాత్రం ప్రశాంతంగా ఉన్నాడు. పుళ్ళ నోటితోనే, "ఇంటికి తీసుకెళ్ళవే. పాపం, ఆవిడ ఒక్క పూట కూడా తప్పదు," అన్నాడు. నాకు ఏడుపు రాలేదు, కోపం వచ్చింది. వదిన బతికుండగా ఈ 'పాపం' ఎక్కడ దాచుకున్నాడు?

నాలుగు రోజులకు కాస్త తేరుకున్నాడు. రేపు పంపిస్తామన్నారు. "చర్మం పల్చబడింది. చల్లటి నీళ్ళే వాడండి. వేణ్ణీళ్ళు తగిలాయో, కాళ్ళకున్న పొర మొత్తం ఊడి వచ్చేస్తుంది," అని డాక్టరు గట్టిగా చెప్పాడు. నా ఇంటికే తీసుకెళ్దామని, ఆయన బట్టల కోసం మిట్టమధ్యాహ్నం ఆ ఇంటికి వెళ్ళాను. ఆటో ఎక్కించిన రాత్రి నేనే వేసిన తాళం. నేనే తీశాను.

గదిలో ఎండ పడుతోంది. పక్క మీద దుప్పటి ముడత లేకుండా పరిచి ఉంది. స్నానాల గది తలుపు ఓరగా తెరిచి ఉంది.

లోపల పీట వేసి ఉంది. పీట ముందు, రెండు పాదాలు పట్టేంత వెడల్పు బేసిను. దాన్నిండా నీళ్ళు. పొగలు కక్కుతున్నాయి.

వంటింట్లోకి పరిగెత్తి పొయ్యి మీద చెయ్యి పెట్టి చూశాను.

చల్లగా ఉంది.